చీటీకి మూడు మాటలు

హల్ బస్టాండులో టికెట్ల కిటికీ దాటాక
మెట్లకింద గది మాది.
బస్సుల్లో మనుషులు మర్చిపోయినవన్నీ
రాత్రికి ఇక్కడికే చేరతాయి.
ఒక్కోదానికీ ఒక అట్టచీటీ, జానెడు పురికొస.
చీటీ మీద మూడు మాటలకే చోటు.

మొదటిరోజు రాశాను: నల్ల గొడుగు.
డోరీన్ కళ్ళద్దాల పైనుంచి చూసి
నన్ను అరలదాకా నడిపించుకెళ్ళింది.
నలభై ఒక్క నల్ల గొడుగులు,
తడి ఆరని కాకుల్లా.
నాది నలభై రెండోది, గుంపులో గోవిందా.
"పోగొట్టుకున్నవాడు గొడుగు అనడు, లవ్,
పిడికి పంటిగాట్లు అంటాడు."
అందర్నీ లవ్ అనే పిలుస్తుంది ఆవిడ,
దొంగగొడుగు అడగడానికొచ్చినవాణ్ణి కూడా.

రెండోవారానికి తెలివి ముదిరింది.
ఒక శాలువాకి రాశాను: సందెవేళ సముద్రపు నీలం.
రంగు అచ్చం అదే, ఒట్టు.
పది నెలలు అరలో పడుకుంది ఆ సముద్రం.
ఫోను చేసి ఎవరడుగుతారు,
అమ్మా, నా సందెవేళ ఏమైనా దొరికిందా అని?

ఇంకోసారి ఒక్క సంచీకే తొమ్మిది చీటీలు కట్టాను.
నీలం, గుడ్డ, జిప్పు, ప్రయాణం, మంగళవారం,
తోచిందల్లా.
ఇక ఎవరేది వెతికినా అదే ముందుకొచ్చేది,
పిలవని పేరంటానికి వచ్చినట్టు.
ఎవరిదీ కాదు.
డోరీన్ కత్తెర తెచ్చి ఎనిమిది తెంచింది,
ఏమీ అనకుండా.

తర్వాత ఆ చలికాలం.
కుందేలు. బూడిదరంగు. ఒంటిచెవి.
ఇంతకన్నా ఖచ్చితంగా ఎవరు రాస్తారు?
బెవర్లీ రోడ్డు నుంచి ఒకావిడ
రోజు విడిచి రోజు ఫోను: తెల్ల ఏనుగు వచ్చిందా?
రాలేదమ్మా.
రాలేదమ్మా.
మూడోవారం పిల్లాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది.
వాడు బల్లకింద దూరి, అరల మధ్య పరిగెత్తి,
ఎగిరి దాని కాలు పట్టుకున్నాడు.
తెలుపు ఉతుకుల్లో పోయిందట.
మిగిలిన ఆ ఒక్క చెవీ తొండమట.

అప్పట్నుంచి చీటీ రాసేముందు
వస్తువుని కాసేపు బోర్లించి పెడతాను.
అది లేని ఇంట్లో అర్ధరాత్రి మెలకువొచ్చి
మంచంమీద లేచి కూచున్నవాళ్ళ
నోట్లోకి ముందు ఏ మాటొస్తుందో వింటాను.
ఎక్స్‌రే కవరున్న బిస్కట్ల డబ్బాకి
నాన్న, ఊపిరి, బిస్కట్లు అని రాశాను.
మర్నాడు తలుపు తీసేసరికే
ఒకమ్మాయి బయట నిలబడి ఉంది.
అన్నిసార్లూ కుదరదు.
ఒంటి చేతితొడుగుల కోసం ఎవరూ రారు.
డోరీన్ వాటికి పెళ్ళిళ్ళ పేరయ్య,
ఎర్రదానికి పచ్చదాన్ని కట్టి పంపేస్తుంది.

మొన్న నాదే పోయింది.
ఇంటిలెక్కల పుస్తకం, పదమూడో నంబరు బస్సులో.
కిటికీకి ఇవతల నిలబడటం అదే మొదలు.
"ఎలా ఉంటుంది, లవ్?" అంది డోరీన్, ఎరగనట్టు.
ఆరేళ్ళుగా ఊరి సొత్తుకంతా పేర్లు పెట్టినదాన్ని
నీళ్ళు నమిలాను.
పుస్తకం, అన్నాను. మామూలుదే.
అట్ట రంగు గుర్తురాలేదు.
నాది, అన్నాను.

లోపలికెళ్ళి రెండు నిమిషాల్లో తెచ్చింది.
కందిపప్పు, గ్యాసు బిల్లు,
యశోధరకి బదులిచ్చిన ఇరవై పౌన్లు,
అందులో ఒక్క అక్షరం ఆవిడకి రాదు.
చీటీమీద ఆవిడ వంకర రాత:
విప్పిన ఊలు దారం.

ఆ పేరుతో నా భాషని
నేనెన్నడూ వెతికి ఉండను.
చీటీ తెంచలేదు.
పురికొసతో సహా సంచీలో వేసుకుని బస్సెక్కాను,
ఈసారి డ్రైవరు వెనకసీట్లో,
సంచీ ఒళ్ళో.